ఊకొట్టే బొట్టు

"అమ్మాయ్ తరళా, స్టవ్వు మీద పాలు..." అని మంగతాయారు ఆగింది.

ఆగడమంటే మామూలుగా ఆగడం కాదు. వంటింటి గుమ్మంలో నిలబడి, చిన్నగా నవ్వి, రెండుసార్లు కళ్లు ఆర్పి, భుజం మీది పైట సర్దుకుని, కోడలి వంక ముచ్చటగా చూస్తూ ఉండిపోయింది. ఆవిడ వెనకాల గిన్నెలో పాలు అంచు దాకా వచ్చాయి. అంచు దాటాయి. సుయ్యిమంటూ స్టవ్వంతా పారి, గట్టు మీంచి కారి, నేల మీద తెల్లటి మడుగు కట్టాయి. మంగతాయారు మళ్లీ పైట సర్దుకుంది.

తరళ పెళ్లయి కాకినాడ వచ్చి రెండు నెలలు. అత్తగారి మాట పూర్తయ్యేదాకా కదలొద్దని నంద్యాలలో అమ్మ మరీమరీ చెప్పి పంపింది. అంచేత ఆమె కూడా దోసె గరిట పట్టుకుని, మర్యాదగా, పాలవంక చూస్తూ అలాగే నిలబడింది.

హాల్లో ఫోను చూసుకుంటున్న తరళ మొగుడు కిరీటి ఎవరి మెసేజికో పైకే "ఊఁ" అనుకున్నాడు.

"...పొంగుతున్నాయే, కట్టెయ్!" అంది మంగతాయారు ఆ క్షణమే. ఆనక కాళ్ల కింద చూసి కెవ్వుమంది. "అయ్యయ్యో, ఇవెప్పుడు పొంగాయి?"

మామగారు పేర్రాజు పేపరు మడిచి పట్టుకుని తొంగి చూశాడు. "కొత్త కోడలు తిరిగే ఇంట్లో పాలు పొంగడం మంచిదేలే. కాకపోతే రెండు లీటర్లు పొంగక్కర్లేదు" అన్నాడు.

అందరూ నవ్వారు, తరళ తప్ప. ఆ నవ్వు, ఆ రెండు ఆర్పులు, ఆ పైట సర్దుబాటు. సరిగ్గా ఆ వరసలోనే ఆమె వాటిని ల్యాబులో తెర మీద కొన్ని వేలసార్లు చూసింది. వాటిని అక్కడ పెట్టింది తనే.

*

ఊళ్లో కొత్తగా కడుతున్న పిల్లల విజ్ఞాన భవనంలో తరళ, కిరీటి ఇద్దరికీ ఉద్యోగం. ఆమె వీడియోలు చూస్తుంది, అతను శబ్దం చూస్తాడు. ఒక టీ తెప్పించుకుని ఇద్దరూ తాగుతారు. రెండు తెప్పించుకోవచ్చు కదా అని ఎవరైనా అంటే ఇద్దరూ ఒకేసారి సిగ్గుపడతారు.

మామూలుగా ఇలాంటి భవనాల్లో వీడియోలకి గడియారం ప్రకారం గుర్తులు పెడతారు. పన్నెండో సెకనులో దీపం వెలగాలి, ముప్పయ్యో సెకనులో తలుపు తెరుచుకోవాలి. ఈ రంగంలో వాటిని క్యూ పాయింట్లంటారు. పిల్లవాడు చూస్తున్నాడా, ముక్కు చీదుకుంటున్నాడా అన్నది ఆ గుర్తులకి పట్టదు. తరళకి అది నచ్చలేదు. మన దగ్గర కథ అలా నడవదు కదా! వినేవాళ్లు ఊఁ కొడితేనే చెప్పేవాళ్లు ముందుకి పోతారు. ఆ ఊఁ దగ్గరే గుర్తు పెడితే?

అలా పుట్టింది ఊకొట్టే బొట్టు. చూడ్డానికి మెరూన్ రంగు స్టిక్కరు బొట్టే. కథ చెప్పే మనిషి నుదుట అంటిస్తే, ఎక్కడెక్కడ ఆ మనసు వినేవాళ్ల కోసం ఓ లిప్త ఆగుతోందో పట్టుకుని, వీడియోలో అక్కడక్కడ గుర్తు పెడుతుంది. తెర మీది మనిషి ఆ గుర్తు దగ్గరికి రాగానే బొమ్మలా బిగుసుకుపోదు. నవ్వుతుంది, కళ్లు ఆర్పుతుంది, పైట సర్దుకుంటుంది, ఎంతసేపైనా ఎదురుచూస్తుంది. పిల్లలు ఊఁ అన్నాకే కథ సాగుతుంది.

చెప్పే మనిషి కోసం ఊరంతా వెతకక్కర్లేకపోయింది. ముప్పై ఏళ్లుగా జగన్నాథపురం అంగన్‌వాడీలో కథలు చెబుతున్న మనిషి ఇంట్లోనే ఉంది. "టీవీలో నేనా? ఏ చీర కట్టుకోనే?" అని మంగతాయారు బీరువా మొత్తం మంచం మీద పోసింది.

మూడు వారాలు, నలభై కథలు. స్టూడియోలో మంగతాయారు ఒక్కతే, గాజు అద్దం వెనక తరళ. అక్కణ్ణించి తరళ పైకి ఊఁ అంటే రికార్డింగులో పడుతుందని కిరీటి ఒప్పుకోలేదు. అందుకని తరళ పెదవులు కదిలిస్తే చాలు, ఆ ఊఁ బొట్టులోంచి సన్నటి గిలిగింతలా అత్తగారికి చేరే ఏర్పాటు చేశారు.

"కనుబొమల మధ్య చీమ నడిచినట్టుందే" అంది మంగతాయారు మొదటిరోజు. వారం తిరిగేసరికి, "చీమ లేకపోతే కథ రావట్లేదే" అంది. తరళ అప్పుడు నవ్వి ఊరుకుంది.

*

పాలు పొంగిన రోజు సాయంత్రానికల్లా ఇంట్లో సంగతి తేలిపోయింది. మంగతాయారు రెండు మాటలకోసారి ఆగిపోతోంది. ఎవరైనా ఊఁ అంటేనే మిగతాది. నోరొక్కటే కాదు, చేతులూ కాళ్లూ కూడా ఆగి ఎదురుచూస్తున్నాయి.

"ఏమండీ, ఆ తడి తువ్వాలు మంచం మీద..." అంది భర్తతో.

పేర్రాజు ఊఁ అనబోయి నాలిక కరుచుకున్నాడు. నవ్వుతూ నిలబడ్డ భార్యని ఓ చుట్టు చుట్టి చూశాడు. "ఒరేయ్ కిరీటీ! ముప్పై నాలుగేళ్లకి దేవుడు నాకు రిమోటిచ్చాడ్రా!" అని తువ్వాలు అక్కడే వదిలేసి వీధిలోకి వెళ్లిపోయాడు.

పక్కింటి వరహాలమ్మ గోడమీంచి, "కోడలొచ్చి రెండు నెలలు కాలేదు, అత్త నోటికి తాళం వేసేసింది. ఆ తాళం ఎక్కడ దొరుకుతుందమ్మా, మా ఇంటికీ ఒకటి కావాలి" అంది.

రెండో రోజు మధ్యాహ్నానికి పేర్రాజు సరదా దిగిపోయింది. అన్నంలో ఉప్పెక్కువైందని తిట్టేవాళ్లు లేరు. మజ్జిగ పోసుకోమని పోరేవాళ్లు లేరు. "ఇల్లు ఇల్లులా లేదురా" అని, మంగతాయారు వెనకే ఊఁ, ఊఁ అంటూ వంటింట్లోకీ పెరట్లోకీ తిరగడం మొదలుపెట్టాడు.

మూడో రోజు ఆవిడ అంగన్‌వాడీ నుంచి వేళకి ముందే వచ్చేసింది. చెప్పులు విప్పకుండా అరుగు మీద కూర్చుంది.

"ఏమైందత్తయ్యా?"

"బంగార్రాజని నాలుగేళ్లవాడు. కిటికీ ఎక్కాడు. ఆయమ్మ నీళ్లకెళ్లింది. ఒరేయ్, దిగరా, చువ్వ..."

"ఊఁ."

"...ఊడిపోయిందని చెప్పబోయాను. ఒరేయ్ దిగరా అన్నాను. అక్కడే..." ఆవిడ నవ్వింది, రెండుసార్లు కళ్లు ఆర్పింది. ఈసారి కళ్లలోంచి నీళ్లు కూడా రాలాయి. చెయ్యి మాత్రం పైట సర్దుతూనే ఉంది.

"ఊఁ అత్తయ్యా, ఊఁ!" అని తరళ ఆపకుండా ఊకొట్టసాగింది.

"...అక్కడే ఆగిపోయానే! వాడు పడుతుంటే నవ్వుతూ చూశాను. చుట్టగా చుట్టిన చాపల మీద పడ్డాడు కాబట్టి బొప్పితో పోయింది. లేచి వాడు నవ్వాడు, నేను ఏడ్చాను. పిల్లల మధ్య ఉండే నోరు ఒకరు అనుమతిస్తే కదిలేది కాకూడదు తరళా. రేపు సెలవుచీటీ రాసిచ్చేస్తాను. తగ్గకపోతే..."

తరళ ఊఁ అనలేకపోయింది. ఆ తగ్గకపోతే తర్వాత ఏముందో ఆమెకి తెలుసు. ముప్పై ఏళ్లుగా పొద్దున్నే తలస్నానం చేసి, పిల్లలకి పంచడానికి కొంగున బెల్లం ముక్కలు కట్టుకుని వెళ్లే మనిషి ఇక వెళ్లదు.

*

మర్నాడు ల్యాబులో తరళ, కిరీటి తెర ముందు తలలు పట్టుకుని కూర్చున్నారు. పెద్ద మేడం డాక్టర్ జుబేదా వెనక నిలబడింది.

"నలభై కథల్లో మూడు వేల నూట పన్నెండు గుర్తులు" అన్నాడు కిరీటి. "అన్నిటికీ ఊఁ పడింది. ఒక్కటి తప్పలేదు."

"మంచిదేగా?" అంది జుబేదా.

"మంచిదే అనుకున్నాం మేడం." తరళ పాత రికార్డింగొకటి తీసింది. బొట్టు తయారవకముందు, అత్తగారి గొంతు ఎలా ఉంటుందో చూద్దామని అంగన్‌వాడీ కిటికీ బయట నిలబడి తీసినది. అందులో మంగతాయారు కథ చెబుతోంది. ఊఁలు పట్టుమని పది లేవు. "టీచరమ్మా, వీడు గిచ్చాడు." "కాదు, పులికి నీళ్లంటే భయం లేదు." "ఎందుకెళ్లింది?" "నాకు ఒంటికి!" ఆవిడ దేనికీ ఆగడం లేదు. గిచ్చినవాడికి ఒకటి అంటిస్తూ, పులి సంగతి ఒప్పుకోకుండా, ఒంటికి పంపిస్తూ, కథని బస్సు దొరకబుచ్చుకున్నట్టు పరిగెడుతూ పట్టుకుంటోంది.

మూడు వారాల రికార్డింగులో ఒక్క "కాదు" లేదు. ఒక్క "ఎందుకు" లేదు.

"అద్దం వెనక ఎవర్ని కూర్చోబెట్టారు?" అంది జుబేదా.

తరళ చెయ్యెత్తింది. ముఖం ఎర్రబడింది.

"పెళ్లయి?"

"అప్పటికి నెల మేడం."

జుబేదా నవ్వు ఆపుకోలేకపోయింది. "అమ్మా తల్లీ! యంత్రానికి వినడం నేర్పడానికి దేశం మొత్తం మీద నీకు దొరికిన మనిషి కొత్త కోడలా? అంతకన్నా బుద్ధిగా ఊఁ కొట్టే ప్రాణి ఎక్కడైనా ఉంటుందా!"

తర్వాత ఆమె కాస్త గంభీరంగానే చెప్పింది. మూడు వారాల పాటు అడ్డు చెప్పని ఊఁ తియ్యగా తగులుతూ ఉంటే మెదడు దానికి అలవాటుపడి కూర్చుంది. మందులేం లేవు. అడ్డం పడాలి. మాట మధ్యలో దూరాలి. ఎవరో కాదు, ఆ ఊఁలు కొట్టినవాళ్లే.

*

ఇంట్లో వైద్యం మొదలైంది. గిలిగింత ఆపేసిన బొట్టుని మంగతాయారు నుదుట మళ్లీ అంటించి, ఆవిడ మనసు ఆగితే నిలిచిపోయి సాగితే ఎగిరే గీతని కిరీటి తన ఫోనులో చూస్తున్నాడు. ముందు మగవాళ్లు ప్రయత్నించారు.

"ఇవాళ వాన పడేలా..." అంది మంగతాయారు.

"పడదు! నీకేం తెలుసు!" అని పేర్రాజు గట్టిగా అరిచాడు.

ఆవిడ చిరునవ్వు చెక్కుచెదరలేదు. "నాన్నా, నువ్వు కాదనడం అమ్మ ఏనాడు లెక్కలోకి తీసుకుంది?" అన్నాడు కిరీటి.

తరళ వంతు వచ్చింది. ముందురోజే కాగితం మీద రాసుకున్న అడ్డుమాటలు చదివింది. "కాదత్తయ్యా, ఆకాశం ఆకుపచ్చగా ఉంటుంది. కాదత్తయ్యా, చేపలు చెట్టెక్కుతాయి." మంగతాయారు జాలిగా చూస్తూ పైట సర్దుకుంది. పిచ్చిపిల్ల, మనసులో లేనిది అంటోందని ఆవిడకి తెలుస్తూనే ఉంది. బొట్టుకీ తెలుస్తోంది. గీత కదల్లేదు.

నిజంగా కాదనాలి. నిజంగా కాదనడానికి తరళ దగ్గర ఏముంది? బంగారంలాంటి అత్తగారు. ఆమె అదే మాట కిరీటితో అని, అతని చొక్కా చేతికి కళ్లు తుడుచుకుంది.

ఆ మధ్యాహ్నం భోజనాలు. సెలవుచీటీ కవర్లో పెట్టి టీవీ మీద ఉంచారు. దాని వంక చూడకుండా అందరూ కంచాల వంక చూస్తున్నారు. మంగతాయారు ఆనపకాయ పులుసు గిన్నె తెచ్చి, గరిట నిండా ముంచి కోడలి కంచం మీదికి వంచింది.

"కాస్త వేసుకో, నీకు ఇష్టమని ఇవాళ బెల్లం ఇంకో ముక్క..."

గరిట ఆగింది. నవ్వు, ఆర్పులు, పైట.

తరళ ఊఁ అనడానికి నోరు తెరిచింది. రెండు నెలలుగా రోజూ అన్న ఊఁ. అది గొంతులో అడ్డం తిరిగింది.

"బెల్లమేందత్తా!" అంది.

కిరీటి ముద్ద దించాడు. అది అతనికి తెలియని గొంతు. నంద్యాల గొంతు.

"పులుసులో బెల్లమేందత్తా? ఇది పులుసా, పానకమా? రెండు నెల్లనుంచి తింటాండా, ఒక్క పొద్దన్నా కారం తగిలిందా నాలిక్కి? మావూర్లో ఎవరన్నా ఇట్లా చేస్తే కుండతో సహా బయట పెడతారు!"

మంగతాయారు నుదుటి మీద బొట్టు, కనుబొమలతో పాటు, మెల్లగా పైకి లేచింది.

"పానకమా?" అంది. ఎవరూ ఊఁ అనలేదు. ఆవిడా ఆగలేదు. "నా పులుసు పానకమా! మా అత్తగారు, ఆవిడకి ఒక్క వంటా నచ్చేది కాదు, అలాంటి మనిషి గిన్నె వంచి మరీ వేయించుకున్న పులుసు! మీ పెళ్లిలో మీ పెదనాన్న రెండుసార్లు పోయించుకున్నాడు, అడుగు వెళ్లి!"

"మా పెదనాన్నకు షుగరత్తా! పెద్దవాళ్లు పోస్తాంటే కాదనలేక తాగినాడు. తెల్లారి నన్ను తిట్టినాడు!"

"షుగరున్నవాడు జిలేబీలెందుకు తిన్నాడు మరి? మూడు తిన్నాడు, నేను లెక్కపెట్టాను!"

"లెక్కపెట్టినావా! ఇంటికొచ్చినోళ్ల జిలేబీలు లెక్కపెడతారా?"

"పెడతాను! ఎవరికి సరిపోయిందో ఎవరికి సరిపోలేదో చూసుకోవద్దూ? మీ ఊరివాళ్లు మిరపకాయల్ని లెక్కపెట్టుకుంటారు కాబోలు! ఆ కారానికే నువ్విలా గడకర్రలా ఉన్నావు. వచ్చినప్పటినుంచీ చూస్తున్నాను, సరిగ్గా తినదు, ఏమంటే ఊఁ బాగుందత్తయ్యా, ఊఁ బాగుందత్తయ్యా! బాగోకపోతే బాగోలేదని ఏడవ్వొచ్చు కదే! నేనేమైనా పులినా?"

"పులివే! నాకు భయమేసింది!"

"నాకు మాత్రం వెయ్యలేదా? చదువుకున్న కోడలొస్తోందని పెళ్లికి ముందు వారం నిద్రపట్టలేదు నాకు!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మంగతాయారు చేతిలో గరిట ఇంకా అలాగే ఉంది, అందులో పులుసు మాత్రం ఎప్పుడో పేర్రాజు ఒళ్లో పడింది. ఆయన తుడుచుకోవడం లేదు. నోరు తెరుచుకుని భార్యని చూస్తున్నాడు.

"ఆగకుండా మాట్లాడావే" అన్నాడు చిన్నగా.

కిరీటి ఫోనులో గీత చూశాడు. నిట్రాయిలా నిలబడ్డ గీత కాస్తా పిల్లల గాలిపటం తోకలా ఎగురుతోంది.

*

ఒక్కరోజులో నయం కాలేదు. పూటకొకసారి చొప్పున వాడాల్సి వచ్చింది. కాదనడానికి సంగతులు వెతుక్కోవలసి వస్తుందేమో అని తరళ మొదట అనుకుంది గానీ, తీరా చూస్తే బోలెడు దాచిపెట్టుకుంది. కర్టెన్ల రంగు. తువ్వాళ్లు మడిచే తీరు. పొద్దున్న ఐదింటికి మిక్సీ వెయ్యడం. తను పడుకుంటే వచ్చి దుప్పటి తల దాకా కప్పడం. "ఇవాళ్టి డోసు పడిందా?" అని పేర్రాజు పేపరు చాటునుంచి అడిగేవాడు. వరహాలమ్మ గోడ దగ్గర కుర్చీ వేసుకుంది. వంటింట్లో రెండు గిన్నెల పులుసు పొంగడం మొదలైంది, ఒకటి ఎర్రది, ఒకటి తియ్యది. కిరీటి రెండూ కలుపుకుని తినేవాడు. అలా తినకూడదని ఇద్దరూ ఒక్కటై అతని మీద పడేవారు.

తొమ్మిదో రోజున మంగతాయారు టీవీ మీది కవరు తీసి, చించి, ఆ కాగితం వెనక సరుకుల చీటీ రాసింది. కొంగున బెల్లం కట్టుకుని అంగన్‌వాడీకి వెళ్లింది.

ఆ రోజే తరళ జుబేదా గదిలోకి వెళ్లింది. "మేడం, నలభై కథలూ తీసేద్దాం."

"ప్రారంభోత్సవం ఇంకో పన్నెండు రోజుల్లో పెట్టుకుని!"

"ఊఁ అంటేనే కథ సాగుతుంటే పిల్లలకి ఊఁ అనడం ఒక్కటే వస్తుంది మేడం. కాదు అనడం రాదు. మా అత్తయ్యకి జరిగింది వాళ్లకీ జరగకూడదు."

జుబేదా కళ్లజోడు తీసి తుడుచుకుంది. "పోయిన నెలైతే నేనేమన్నా నువ్వు ఊఁ అనేదానివి" అంది. "ఈ పన్నెండు రోజుల్లో కొత్తవి ఎన్ని కథలవుతాయి?"

"ఒక్కటి."

"ఒక్కటే చెయ్యి. బాగా చెయ్యి."

చెప్పులు కొనుక్కోవడానికి బజారుకెళ్లిన పీత కథ. ఈసారి అద్దం లేదు, బొట్టులో గిలిగింత లేదు. అంగన్‌వాడీ గదిలో ఇరవై ఇద్దరు పిల్లల మధ్య మంగతాయారు. పీతకి ఎనిమిది కాళ్లని ఆవిడ అంటే, "కాదు, పది! మా నాన్న పీతలు పడతాడు" అని బంగార్రాజు లేచి నిలబడ్డాడు. ముందువి రెండూ చేతులని ఆవిడ. చేతులైతే గాజులేవని ఓ పాప. తరళ ప్రతి కాదు దగ్గరా, ప్రతి ఎందుకు దగ్గరా, ప్రతి పేచీ దగ్గరా గుర్తు పెట్టుకుంటూ పోయింది. గుర్తు గుర్తుకీ అత్తగారి జవాబు ఒకటి ఉంది. అంత అల్లరి రికార్డింగు తన జీవితంలో వినలేదని కిరీటి చెవులు మూసుకుని ఆనందించాడు.

ప్రారంభోత్సవం నాడు తెర మీద మంగతాయారు పట్టుచీరలో వెలిగిపోయింది. పిల్లలు ఒప్పుకోకపోతే దెబ్బలాడింది, ఎందుకంటే చెప్పింది. పెద్దలంతా చప్పట్లు కొట్టారు. అప్పుడు ముందు వరసలో రెండు జడల పిల్ల లేచి, "ఆ పీతకి అన్ని చెప్పులు ఎవరు తొడుగుతారు? బడికి లేటవదా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకి గుర్తు లేదు. తెర మీది మంగతాయారు నవ్వుతూ చూస్తోంది.

మూడో వరసలోంచి అసలు మంగతాయారు లేచింది. "ఎందుకవ్వదు! రోజూ లేటే. వాళ్లమ్మ ఒక్కో చెప్పు తొడుగుతూ ఒక్కో తిట్టు తిట్టేది..." అంటూ ముందుకి నడిచింది. పిల్లలు తెరకి వీపు తిప్పి ఆవిడ చుట్టూ మూగారు. కిరీటి కంగారుగా, "ఈ ప్రశ్నకీ జవాబు రికార్డు చేసేద్దామా?" అన్నాడు.

"వద్దు" అంది తరళ. "ఇలాంటివి రోజూ పుడతాయి. పుట్టనీ."

మర్నాడు ఆమె తెర పక్కన ఓ కుర్చీ వేయించింది. గుర్తు లేని ప్రశ్న వచ్చినప్పుడల్లా ఆ రోజు ఎవరు కూర్చుంటే వాళ్లే జవాబు చెప్పాలి. అమ్మయినా, డ్రైవరైనా, జుబేదా అయినా సరే. మొదటిరోజు మంగతాయారు అంగన్‌వాడీలో ఉండటంతో, ఇస్త్రీ చొక్కా వేసుకుని పేర్రాజు వచ్చి కూర్చున్నాడు. గొంతు సవరించుకుని, "పీతకి మొత్తం ఆరు కాళ్లు" అని మొదలుపెట్టాడు.

"కాదు తాతా!" అని నలభై గొంతులు ఒక్కసారి లేచాయి.

ముప్పై నాలుగేళ్లుగా ఇంట్లో ఆయన చెప్పిందేదీ ఒకరు చెవిన పెట్టి కాదన్న పాపాన పోలేదు. పేర్రాజు ముఖం చాటంతయింది. కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకుని, "అయితే ఏడు" అన్నాడు.